తుపాకీ ఇచ్చేవాడి బేరం, పట్టేవాడి రాజ్యం

గుంటూరులో ఒక కళాశాల వాళ్లు వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా రమ్మంటే విజయవాడ నుంచి బస్సెక్కి వెళ్లాను. అంశం బోర్డు మీద రాసి ఉంది: పరాయి దేశపు అంతర్యుద్ధంలో తిరుగుబాటుదారులకు ఆయుధాలు ఇవ్వవచ్చా? గైడులో బట్టీపట్టిన నాలుగు ముక్కలు వినాలి కాబోలని కూర్చున్నాను. మొదట లేచినవాడు తెనాలి కుర్రవాడు. ఇవ్వవచ్చు, ఇచ్చి తీరాలి, 1971లో మనం ఇచ్చాం, బంగ్లాదేశ్ అనే ఒక దేశమే పుట్టింది అన్నాడు. తర్వాత లేచింది మాచర్ల అమ్మాయి. 1983లో శ్రీలంక తమిళ గుంపులకు ఇచ్చింది కూడా మనమే, 1991లో మన మాజీ ప్రధానినే పోగొట్టుకున్నాం అంది. ఇద్దరి మాటల్లోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇచ్చిన దేశం ఒకటే. నడిపిన గూఢచారి సంస్థా ఒకటే. మధ్యలో గడిచింది పన్నెండేళ్లు. ఫలితాలకు మాత్రం పొంతన లేదు. మార్కుల కాగితం మీద చాలాసేపు నా పెన్ను కదలలేదు.

ఈ ప్రశ్నకు అవుననో కాదనో చెప్పేయడం తేలిక, ఏది చెప్పినా ఉదాహరణలకు కొదవ ఉండదు. ఏ ఉదాహరణ ఎందుకు అలా ముగిసిందో చూడటమే కష్టం. ఆ కష్టం కాస్త పడదామని ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను, అది పొట్టిది. అమెరికా 1980లలో నికరాగ్వాలోని వామపక్ష ప్రభుత్వాన్ని కూల్చాలని కాంట్రాలు అనే తిరుగుబాటుదారులకు ఆయుధాలు, శిక్షణ ఇచ్చింది. నికరాగ్వా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1986 జూన్ 27న తీర్పు వచ్చింది. అప్పుడు ఆ న్యాయస్థానానికి అధ్యక్షుడు మన నాగేంద్ర సింగ్. పరాయి దేశపు తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చి శిక్షణ ఇవ్వడం బలప్రయోగ నిషేధాన్ని ఉల్లంఘించడమేనని, డబ్బు మాత్రమే ఇస్తే అది బలప్రయోగం కాకపోయినా అక్రమ జోక్యమేనని న్యాయస్థానం తేల్చింది. ఒక దేశంలో ప్రభుత్వం పిలిచినా వెళ్లవచ్చు, ప్రతిపక్షం పిలిచినా వెళ్లవచ్చు అంటే ఇక జోక్యం చేసుకోరాదనే సూత్రంలో మిగిలేది ఏముందన్నది దాని తర్కం. అమెరికా ఆ తీర్పును లెక్కచేయలేదు. అమలు చేయమని భద్రతామండలిలో తీర్మానం వస్తే వీటో చేసింది.

చట్టాన్ని పక్కనుంచి దాటే దారి కూడా ఒకటుంది. తిరుగుబాటుదారులనే అసలైన ప్రతినిధులుగా గుర్తించేయడం. 2012 చివర్లో అమెరికా, మరికొన్ని దేశాలు సిరియా ప్రతిపక్ష కూటమిని ఆ దేశ ప్రజల న్యాయసమ్మత ప్రతినిధిగా ప్రకటించాయి. ఐక్యరాజ్యసమితిలో సిరియా కుర్చీలో మాత్రం అసద్ ప్రభుత్వ ప్రతినిధే కూర్చుని ఉన్నాడు. పెళ్లి ఒకరితో, పీటల మీద ఇంకొకరు అన్నట్టు.

ఇక అసలు విషయం. చట్టం కాదంటున్నా దేశాలు ఈ పని ఎందుకు మానవు? సొంత సైన్యాన్ని పంపితే శవాలు ఇంటికొస్తాయి, చట్టసభలో నిలదీస్తారు. ఊరుకుంటే చేతకానివాళ్లంటారు. ఈ రెంటికీ మధ్య ఆయుధాలివ్వడం ఒక చౌక దారిగా కనిపిస్తుంది. చచ్చేది మనవాళ్లు కాదు, ఖర్చు తక్కువ, పేరు బయటపడదు.

పేరు బయటపడదన్నది మొదట తేలిపోయే భ్రమ. కాంట్రాలకు సాయం ఆపాలని అమెరికా కాంగ్రెస్ చట్టం చేస్తే, రీగన్ ప్రభుత్వంలోని కొందరు ఇరాన్‌కు దొంగచాటుగా ఆయుధాలమ్మి, ఆ లాభాన్ని కాంట్రాలకు మళ్లించారు. 1986 నవంబరులో గుట్టు రట్టయింది. పరాయి ప్రభుత్వాన్ని పడగొట్టబోయి సొంత చట్టసభకే అబద్ధాలు చెప్పిన కథ అది. రహస్య యుద్ధాలు ఇంటి దూలాలనూ తొలుస్తాయని నేను పాఠాల్లో చెప్పేటప్పుడు ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

ఖర్చు తక్కువ అన్నదాని సంగతి చూడాలంటే ఆయుధం ఎలా ప్రయాణిస్తుందో చూడాలి. గుంటూరు మిర్చి యార్డులో ఒక టిక్కీ, అంటే మిర్చి బస్తా, రైతు బండి దిగి కొనుగోలుదారు గోదాముకు చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కమీషన్ వ్యాపారి, కాటా వేసేవాడు, హమాలీ, లారీవాడు. ప్రతి చేతికీ ఎంతో కొంత అంటుకుంటుంది. అయినా రైతు పేరు, తూకం, ధర రాసిన చీటీ ఒకటి చివరిదాకా ఉంటుంది. తేడా వస్తే ఎవరి గల్లా పట్టుకోవాలో తెలుసు.

1980లలో అఫ్గానిస్తాన్‌కు వెళ్లిన ఆయుధాలకు ఆ చీటీ లేదు. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం అక్కడ దిగాక, అమెరికా ఎంత డబ్బు పెడితే సౌదీ అరేబియా అంతకు అంత పెట్టింది. అమెరికా సరుకని తెలియకుండా ఉండటానికి సోవియట్ నమూనా తుపాకులను చైనా, ఈజిప్టు వంటి దేశాల్లో కొన్నారు. అవి ఓడల్లో కరాచీ చేరేవి. అక్కడి నుంచి పెత్తనమంతా పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్‌ఐది. దాని లారీల్లో సరిహద్దు దాకా, పెషావర్‌లో కూర్చున్న ఏడు పార్టీలకు, ఆ పార్టీల నుంచి లోపలి కమాండర్లకు, కంచరగాడిదల మీద కొండల్లోకి. డబ్బిచ్చినవాడు వాషింగ్టన్‌లో ఉన్నాడు, ఎవరికి ఎంత ముట్టాలో రాసినవాడు రావల్పిండిలో ఉన్నాడు. ఆ రాసినవాడికి తన లెక్కలున్నాయి. అన్నిటికన్నా పెద్ద వాటా గుల్బుద్దీన్ హెక్మత్యార్ పార్టీకి వెళ్లింది. యుద్ధరంగంలో అందరికన్నా బాగా పోరాడినందుకు కాదు, పాకిస్తాన్‌కు అందరికన్నా నమ్మకస్తుడిగా కనిపించినందుకు. 1992లో కాబూల్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం కూలాక అదే హెక్మత్యార్ ఆ నగరం మీదనే రాకెట్లు కురిపించాడు. తోటి ముజాహిదీన్ వర్గాలు కూడా తక్కువ తినలేదు. సోవియట్ ఆక్రమణ కాలంలో పెద్దగా దెబ్బతినని కాబూల్, దాన్ని విముక్తం చేసినవారి చేతుల్లో శిథిలమైంది. ఆ శిథిలాల మీదుగానే 1996 సెప్టెంబరులో తాలిబాన్లు నడిచొచ్చారు.

భుజం మీద నుంచి పేల్చే స్టింగర్ క్షిపణులది ఇంకో కథ. 1986 నుంచి ముజాహిదీన్‌కు రెండు వేలకు పైగా ఇచ్చారు. సోవియట్ హెలికాప్టర్లకు అవి యమపాశాలయ్యాయి. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ సైనికుడు వెళ్లిపోయాక అమెరికాకు గుండె ఝల్లుమంది. ఆ క్షిపణి పౌర విమానాన్ని కూడా అంతే తేలికగా కూలుస్తుంది కదా. ఉచితంగా పంచినవాటిని భారీ ధరలు పెట్టి వెనక్కి కొనడానికి సీఐఏ ఏళ్లతరబడి తిరిగింది. అయినా వందలు దొరకలేదు. నోటు పుస్తకంలో రాసుకోకుండా అప్పిచ్చినవాడి అవస్థ.

ఇక్కడ మనవాళ్లలో బాగా పాతుకుపోయిన ఒక మాటను సరిచేయాలి. బిన్ లాడెన్‌కు తుపాకులిచ్చి పెంచింది అమెరికాయే అని టీవీ చర్చల్లో తరచూ వినిపిస్తుంది. దానికి గట్టి ఆధారం లేదు. అక్కడికి వెళ్లిన అరబ్బులకు వాళ్ల డబ్బు, వాళ్ల చందాలు ఉన్నాయి. జరిగింది ఇంతకన్నా ముతకది. ఆయుధాల వరద, శిబిరాలు, సరిహద్దు దారులు, కూలిన రాజ్యం, ఇవన్నీ అక్కడ ఏర్పడ్డాయి, అవసరమైనవాడు వచ్చి వాడుకున్నాడు. మనం తవ్వించిన బావిలో ఎవరు నీళ్లు తోడుకుంటారో మన చేతిలో ఉండదు.

సిరియాలో ఏం చేయాలో తర్జనభర్జన పడుతున్న రోజుల్లో ఒబామా తన గూఢచారి సంస్థను సూటిగా అడిగాడు: ఇలా ఆయుధాలిచ్చిన చోట్ల పని జరిగిన సందర్భాలు చెప్పండి. వాళ్లు పెద్దగా ఏమీ చూపలేకపోయారని ఆయనే 2014లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. నేలమీద అమెరికా సిబ్బంది తోడు లేని చోట ఇలాంటి సాయం మరీ తక్కువ ఫలితమిచ్చిందన్నది ఆ సంస్థ సొంత అధ్యయనంలోని మాటగా అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అంటే చౌకగా చేసిన చోట మరీ చెడింది. చెప్పుకోదగ్గ మినహాయింపుగా అందులో కనబడింది అఫ్గానిస్తానే. మినహాయింపు సంగతి పైన చూశాం.

బయటి సాయం అందిన అంతర్యుద్ధాలు సగటున ఎక్కువకాలం సాగుతాయని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఒక వైపుకు తుపాకులొస్తే రెండో వైపు ఇంకో దేశం తలుపు తడుతుంది. అయితే దీన్ని కొంచెం జాగ్రత్తగా పట్టుకోవాలి. తెగని యుద్ధాల్లోకే బయటివాళ్లు తలదూరుస్తారు. జబ్బు ముదిరినవాళ్లే పెద్దాసుపత్రికి వెళతారు కాబట్టి అక్కడ చావులెక్కువ అన్నట్టే ఇదీ. లెక్కలు దారి చూపుతాయి, తీర్పు చెప్పవు.

మరి తీర్పు ఎక్కడ దొరుకుతుంది? నాకు తోచింది చెబుతాను. ఆయుధాలిచ్చే దేశం చాలా సందర్భాల్లో కోరుకునేది తిరుగుబాటుదారుల గెలుపు కాదు, తన బేరం. ఎదుటి ప్రభుత్వాన్ని కాస్త ఒంగదీయాలి, బల్ల దగ్గరికి రప్పించాలి, శత్రువు రక్తం కారుస్తూ ఉండాలి. తుపాకీ పుచ్చుకున్నవాడికి కావలసింది రాజ్యం. వాడు దానికోసం ఇల్లు, ఊరు, పిల్లలను పణంగా పెట్టాడు. ఈ ఇద్దరూ ఒకే తుపాకీకి చెరో కొస పట్టుకుని నడుస్తారు. దారి చీలే చోటు తప్పకుండా వస్తుంది.

ఇరాక్ కుర్దుల కథ చూడండి. 1972లో ఇరాన్ షా అడగగా నిక్సన్ ప్రభుత్వం ముస్తఫా బర్జానీ నాయకత్వంలోని కుర్దులకు రహస్యంగా ఆయుధాలు పంపడం మొదలుపెట్టింది. 1975 మార్చి 6న అల్జీర్స్‌లో షా, సద్దాం హుసేన్ సరిహద్దు తగాదా తెంచుకుని చేతులు కలిపారు. ఆ వెంటనే సాయం ఆగిపోయింది. కుర్దు కుటుంబాలు మంచు కొండల మీదుగా పారిపోయాయి. తర్వాత అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి విచారించి నిగ్గు తేల్చింది: కుర్దులు గెలవకూడదనే పోషకులు కోరుకున్నారట, ఇరాక్‌ను అలిసిపోయేలా చేసేంతవరకు పోరు సాగితే చాలట. ఆ సంగతి కుర్దులకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంత పచ్చిగా రాసిన ప్రభుత్వ పత్రం ఇంకొకటి నేను చూడలేదు. 2014 తర్వాత సిరియా కుర్దులతోనూ దాదాపు ఇదే జరిగింది. ఐసిస్‌ను తరమడానికి వాళ్లు కావలసివచ్చారు. 2017లో రక్కాను విడిపించారు. 2019 అక్టోబరులో అమెరికా సైనికులు సరిహద్దు నుంచి పక్కకు జరిగారు, టర్కీ సైన్యం లోపలికి వచ్చింది.

ఇప్పుడు మాచర్ల అమ్మాయి చెప్పిన కథ. 1983 జులైలో శ్రీలంకలో తమిళుల మీద ఘోరమైన ఊచకోత జరిగింది. వేలాది మంది శరణార్థులు పడవల్లో తమిళనాడు తీరానికి వచ్చారు. ఏదో ఒకటి చేయాలని మద్రాసు ఒత్తిడి, కొలంబో అమెరికా వైపు జరుగుతోందని ఢిల్లీ అనుమానం. 1971లో పనిచేసిన గూఢచారి సంస్థ రా మళ్లీ రంగంలోకి దిగింది. తమిళ యువకులకు తమిళనాడులోనే కాదు, అప్పటి ఉత్తరప్రదేశ్ కొండల్లో కూడా శిక్షణ ఇచ్చారు. ఒక్క గుంపుకు కాదు, టెలో, ఈపీఆర్‌ఎల్‌ఎఫ్, ప్లాట్, ఈరోస్, ఎల్‌టీటీఈ, ఇలా చాలా గుంపులకు. ఒకటే ఉంటే చేయిదాటుతుంది, నాలుగైదు ఉంటే మన మాట వింటాయి అన్నది లెక్క.

కాగితం మీద బాగానే ఉన్న లెక్క అది. నేలమీద ఏమయిందంటే, 1986 ఏప్రిల్, మే నెలల్లో ఎల్‌టీటీఈ టెలోను వేటాడి తుడిచిపెట్టేసింది. టెలో నాయకుడు శ్రీ సబారత్నం ప్రాణం కూడా పోయింది. చంపినవారికి, చచ్చినవారికి శిక్షణ ఇచ్చింది ఒకరే. ఎందుకంటే పోటీ గుంపులుగా పెంచినప్పుడు మొదటి శత్రువు కొలంబోలో ఉండడు, పక్క శిబిరంలో ఉంటాడు. చివరికి మిగిలినవాడు అందరిలోకీ మెత్తనివాడు కాదు.

ఢిల్లీకి ఈలం అక్కరలేదు. అలాంటి దేశం పుడితే తమిళనాడులో ఏ కోరికలు లేస్తాయోనన్న భయం కూడా ఉంది. కావలసింది శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొంచెం దిగివచ్చి అధికారాలు పంచడం. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఢిల్లీ బేరం కుదిరింది. ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్‌కు కావలసింది బేరం కాదు. మర్నాడు గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్ గాంధీని ఒక సింహళ నావికుడు తుపాకీ మడమతో కొట్టబోయాడు. ఒప్పందం ఆ వైపు కూడా ఎందరికి మింగుడుపడలేదో ఆ ఒక్క దెబ్బ చెప్పింది. ఆ అక్టోబరు నాటికి భారత శాంతిసేన ఎల్‌టీటీఈతో యుద్ధం చేస్తోంది. 1990 మార్చిలో తిరిగివచ్చేసరికి దాదాపు 1200 మంది జవాన్లను కోల్పోయాం.

ఈ కథలో నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఇంకొకటి. శాంతిసేనను వెళ్లగొట్టడానికి, 1989 ప్రాంతంలో శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస ప్రభుత్వమే ఎల్‌టీటీఈకి ఆయుధాలు అందించింది. తన దేశాన్ని చీల్చాలనుకున్నవారికి తానే తుపాకులు ఇచ్చింది. 1993 మే 1న ప్రేమదాస ఎల్‌టీటీఈ ఆత్మాహుతి దాడిలో చనిపోయాడు. అంతకు రెండేళ్ల ముందు, 1991 మే 21 సాయంత్రం, రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని విమానంలో మద్రాసు వెళ్లి, అక్కడి నుంచి శ్రీపెరుంబుదూరు చేరాడు. ఇద్దరు పోషకులు, ఒకే చేతిలో అంతం.

అలాగైతే తెనాలి కుర్రవాడు తప్పా? కాదు. 1971 ఎందుకు వేరుగా ముగిసిందో చూస్తేనే పై కథ పూర్తవుతుంది.

1970 డిసెంబరు ఎన్నికల్లో పాకిస్తాన్ జాతీయ అసెంబ్లీలోని 313 స్థానాల్లో 167 అవామీ లీగ్‌వి. అన్నీ తూర్పు పాకిస్తాన్‌వే, అక్కడ ఉన్నవే 169. అంటే ఆయుధాలు అడిగినవారు కొండల్లోని ఒక గుంపు కాదు, దేశం మొత్తం మీద ఆధిక్యం గెలిచి అధికారం దక్కనివారు. 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద విరుచుకుపడింది. ఏప్రిల్ 17న సరిహద్దు పక్కన ఒక మామిడితోటలో ప్రవాస ప్రభుత్వం ప్రమాణం చేసింది. ఒకే నాయకత్వం, ముక్తివాహిని అనే ఒకే సేన, పేరున్న ప్రభుత్వం. దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. వాళ్లు తిరిగి వెళ్లాలంటే అక్కడ వేరే ప్రభుత్వం రావాలి. ఇక్కడ ఇచ్చేవాడి బేరం, పట్టేవాడి రాజ్యం ఒకటే అయ్యాయి. ఎప్పుడో కాని పడని కలయిక అది.

శిక్షణ కూడా దగ్గరుండి ఇచ్చారు. ఆగస్టులో ముక్తివాహిని ఈతగాళ్లు చిట్టగాంగ్, మంగ్లా వంటి రేవుల్లో ఓడల అడుగున మందుపాతరలు అంటించి ముంచేశారు. దాడి ఏ రాత్రో వాళ్లకు తెలిసింది రేడియో ద్వారా. ఆకాశవాణి కలకత్తా కేంద్రం నుంచి ముందే అనుకున్న రెండు పాటలు రావడమే సంకేతం. ఇంటింటా వినే పాటే ఆయుధమైంది. అయినా గెరిల్లాలతోనే పని పూర్తవుతుందని ఢిల్లీ ఎప్పుడూ అనుకోలేదు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని వెన్ను కాచుకుంది, సైన్యాన్ని సిద్ధం చేసుకుంది. డిసెంబరు 3న పాకిస్తాన్ దాడి చేయగానే పూర్తిగా దిగింది. ఆ రాత్రే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గరలో మునిగిపోయింది. రెండు కథల్లోనూ విశాఖ రావడం యాదృచ్ఛికమే అనుకోండి. పదమూడు రోజుల్లో యుద్ధం ముగిసింది, 93,000 మంది లొంగిపోయారు. సైన్యం 1972 మార్చికల్లా వెనక్కి వచ్చేసింది.

అప్పుడు కూడా చేతులు పూర్తిగా శుభ్రంగా లేవు. లొంగుబాటు జరిగిన రెండు రోజులకే ఢాకా మైదానంలో ముక్తివాహిని వర్గం ఒకటి బందీలను జనం ముందే బయనెట్లతో పొడిచి చంపింది. ఆ ఫోటోలు ప్రపంచమంతా చూసింది. ఉర్దూ మాట్లాడే బిహారీల మీద జరిగిన దారుణాల గురించి మనం ఇప్పటికీ తక్కువే మాట్లాడుకుంటాం. గెలిచిన కథలో కూడా ఆ తుపాకులకు జవాబుదారీ దొరకలేదు.

1971లో చౌకదనం లేదు. అదే నాకు ముఖ్యంగా కనబడేది. మనవాళ్లు చనిపోతారని తెలిసే దిగారు. దీనికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టవలసింది సిరియా. ఐసిస్‌తో పోరాడే సిరియన్లను తయారుచేయడానికి అమెరికా రక్షణ శాఖకు 50 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. 2015 సెప్టెంబరులో జనరల్ లాయిడ్ ఆస్టిన్‌ను సెనెట్ కమిటీ అడిగింది: శిక్షణ పొంది ఇప్పుడు పోరాడుతున్నవారు ఎంతమంది? నలుగురో అయిదుగురో అన్నాడాయన. నాలుగు వందలు కాదు, నలుగురే. అదే నెలలో ఇంకో బృందం తన వాహనాల్లో కొన్నిటిని, మందుగుండులో కొంత భాగాన్ని అల్ కాయిదా శాఖ నుస్రా ఫ్రంట్‌కు ముట్టజెప్పి దారి తెచ్చుకుంది. సీఐఏ నడిపిన వేరే కార్యక్రమం ఇంతకన్నా పెద్దది, కొన్నాళ్లు అసద్‌ను గట్టిగానే ఇరుకున పెట్టింది. ఫలితంగా 2015 సెప్టెంబరు 30న రష్యా విమానాలు వచ్చాయి. 2017లో ఆ కార్యక్రమం మూతపడింది. చివరికి 2024 డిసెంబరు 8న అసద్ పారిపోయాడు. డమాస్కస్‌లో అడుగుపెట్టినవాడు అహ్మద్ అల్ షరా. ఒకప్పటి నుస్రా ఫ్రంట్ నాయకుడు. అమెరికా ఏరి కోరి పెంచినవారెవరూ ఆ కుర్చీ దరిదాపుల్లో లేరు.

ఇంతవరకు చదివి, అయితే ఇవ్వకపోవడమే మేలని ఎవరైనా అనుకుంటే వాళ్లకు బోస్నియా చూపించాలి. 1991 సెప్టెంబరులో భద్రతామండలి యుగోస్లావియా మొత్తానికి ఆయుధాల నిషేధం విధించింది. అందరికీ సమానమే. అయితే పాత యుగోస్లావియా సైన్యపు ఫిరంగుల్లో ఎక్కువ భాగం సెర్బుల చేతిలో ఉన్నాయి, బోస్నియా ప్రభుత్వం చేతిలో పెద్దగా ఏమీ లేవు. ఒకడి చేతిలో కత్తి ఉండగా ఇద్దరినీ ఇక కత్తులు కొనవద్దని కట్టడి చేయడం లాంటిది. బోస్నియా రాజధాని సరయెవో దాదాపు నాలుగేళ్లు ముట్టడిలో ఉంది. 1995 జులైలో స్రెబ్రెనీత్సాలో దాదాపు 8000 మంది పురుషులను, మగపిల్లలను చంపేశారు. బోస్నియాది గుర్తింపు పొందిన ప్రభుత్వం, తిరుగుబాటు గుంపు కాదు, నిజమే. కానీ ఇవ్వకపోవడం కూడా ఒక పక్షాన్ని ఎంచుకోవడమేనన్నది అక్కడ కనబడింది. 1936లో స్పెయిన్‌లోనూ అంతే. జోక్యం చేసుకోబోమని కమిటీలో కూర్చున్న జర్మనీ, ఇటలీ ఆ చేత్తోనే తిరుగుబాటు సేనాని ఫ్రాంకోకు విమానాలు పంపాయి. మాట నిలబెట్టుకున్నది బ్రిటన్, ఫ్రాన్స్. ఓడింది ఎన్నికైన ప్రభుత్వం.

పోటీ అయ్యాక ఆ మాచర్ల అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "సార్, మా కారెంపూడిలో కూడా బయటి రాజులు రాకపోతే అంతమంది చనిపోయేవారు కాదంటారా?" అని అడిగింది. పల్నాటి యుద్ధం సంగతి. నలగామరాజు, మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు. చుట్టుపక్కల రాజులు చెరో వైపు చేరడంతో ఇంటి తగువు రాజ్యాల తగువైంది. ఆ పోరులో చితికిన వెలనాటి చోడుల సీమ ఆ తర్వాత కాకతీయుల వశమయింది. రాకపోయినా కొట్టుకునేవారే తల్లీ, అయితే అంతమంది ఉండేవారు కాదేమో అన్నాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదని ముఖం చూస్తే తెలిసింది. చివరికి మొదటి బహుమతి ఇద్దరికీ సగం సగం పంచాను. న్యాయనిర్ణేతలు చేసే పిరికిపనుల్లో అది మొదటిది.

ఇప్పుడైతే ఆమెకు కొంచెం స్పష్టంగా చెబుతానేమో. మనం స్వయంగా దిగడానికి సిద్ధంగా లేని యుద్ధంలో ఇంకొకరి చేత తుపాకీ పట్టించకూడదు. వాళ్లు కోరే ముగింపు మనం ఒప్పుకోలేనిదైతే, ఆ మాట మొదటి పెట్టె తెరవకముందే వాళ్లకు చెప్పాలి. చెప్పే ధైర్యం లేకపోతే ఇవ్వకూడదు. ఈ కొలతతో చూస్తే 1971 నెగ్గుతుంది. ఇంకేదైనా నెగ్గుతుందేమోనని వెతికాను, ఎక్కువ దొరకలేదు. ఆకలికి తిండి, గాయానికి మందు, సరిహద్దు దాటి వచ్చినవారికి నీడ, వీటికి ఈ షరతులేవీ అక్కరలేదు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్న తర్వాత మిజోరం ప్రజలు చిన్ శరణార్థులకు ఇచ్చింది అదే, ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడకుండా. మరో వైపు, ఐక్యరాజ్యసమితిలో 2013లో ఆయుధ వాణిజ్య ఒప్పందం ఓటింగుకు వస్తే భారత్ దూరంగా ఉండిపోయింది. ప్రభుత్వేతర ముఠాలకు, ఉగ్రవాదులకు ఆయుధాలు అందకుండా ఆపే విషయంలో అది బలహీనంగా ఉందన్నది మన అభ్యంతరాల్లో ఒకటి. పంజాబు, కశ్మీరు చూసిన దేశానికి ఆ మాట అనే హక్కుంది. అన్నప్పుడు 1983 గుర్తుకొచ్చి గొంతు కాస్త తగ్గాలి, అంతే.

తిరుగు ప్రయాణంలో మంగళగిరి దాటాక బస్సు కిటికీ పక్కన కూర్చుని బొబ్బిలి గురించి ఆలోచించాను. 1757 జనవరి యుద్ధం మనకు బుర్రకథల్లో తెలుసు. తాండ్ర పాపారాయుడు తెలుసు. ఆ తర్వాతి పద్దు ఎవరూ పాడరు. అంతకు నాలుగేళ్ల ముందే, సైనిక సాయానికి జీతబత్యాల కింద హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ నాలుగు సర్కారులను ఫ్రెంచి వారికి రాసిచ్చాడు. అందులో బెజవాడ ఉన్న కొండపల్లి సర్కారు ఒకటి. విజయనగరం రాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్లి, పగ తీర్చుకుని, పాపారాయుడి చేతిలో పోయాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో చెడింది. ఆయన క్లైవ్‌కు కబురు పెట్టాడు. కర్నల్ ఫోర్డ్ వచ్చాడు, 1758 డిసెంబరులో చందుర్తిలో గెలిచాడు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. 1766 నాటికి సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. పిలిచినవారెవరికీ అవి దక్కలేదు.

గుంటూరు సర్కారును మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌కు జీవితకాలం వదిలేశారు. ఆయన కొలువులో ఫ్రెంచి సైనికులు ఉండేవారు. మోటుపల్లి రేవు గుండా వాళ్లకు సరంజామా వస్తోందని మద్రాసులోని ఇంగ్లీషువారు నిద్రపోలేదు. 1788లో దాన్ని కూడా తీసుకున్నారు. బస్సు వారధి ఎక్కింది, కింద కృష్ణ చీకట్లో సన్నగా మెరుస్తోంది. ఇరవై రెండేళ్లపాటు ఈ నదే సరిహద్దు. ఉత్తరపు ఒడ్డున ఒకరి తుపాకులు, నేను ఎక్కివచ్చిన ఒడ్డున ఇంకొకరివి. రెండు ఒడ్ల మీదా పన్నులు కట్టింది మనవాళ్లే.